యుద్ధం నడుమ పోషకాహార విద్య: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

సూడాన్‌లో యుద్ధం వచ్చాక అక్కడి విశ్వవిద్యాలయాల్లో పోషకాహార శాస్త్ర విభాగాలు ఏ స్థితికి చేరాయో గత సంచికలో క్లుప్తంగా రాశాము. 2023 ఏప్రిల్ 15న రాజధాని ఖార్టూమ్‌లో దేశ సైన్యానికీ, ర్యాపిడ్ సపోర్ట్ ఫోర్సెస్ అనే సాయుధ దళానికీ మధ్య పోరు మొదలైందనీ, తరగతులు ఆగిపోయి అధ్యాపకులూ విద్యార్థులూ చెల్లాచెదురయ్యారనీ, చాలా విశ్వవిద్యాలయాలు ఆన్‌లైన్ పాఠాలతోనూ, పోరు లేని ఊళ్లలో పెట్టిన పరీక్షా కేంద్రాలతోనూ చదువును నిలబెట్టుకోవడానికి పాటుపడుతున్నాయనీ ఆ వ్యాసంలో ఉంది. దానిపై కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతాల నుంచి ఉత్తరాలు వచ్చాయి. ఒకే విషయం అడిగినవాటిని కలిపి, పేర్లు వదిలి, ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాను.

ప్రశ్న: యుద్ధం జరుగుతున్న దేశంలో ముందు కావలసింది తిండి, మందులు, ప్రాణరక్షణ. ఆకలితో ఉన్నవాళ్లకు ఇంత ధాన్యం అందిస్తే చాలదా? అటువంటి చోట విశ్వవిద్యాలయంలో పోషకాహార శాస్త్రం బోధించడం ఇప్పుడే అవసరమా మేడం? (డిగ్రీ విద్యార్థిని, ఆదోని)

ఇప్పుడే అవసరమని నా గట్టి నమ్మకం అమ్మా. ధాన్యం అందితే చాలదని చెప్పడానికి జరిగిన సంగతి ఒకటి చెబుతాను. 1980లలో మొజాంబిక్ అంతర్యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన లక్షలాది మంది పొరుగున ఉన్న మలావీ దేశంలో తలదాచుకున్నారు. వారికి ఇచ్చే రేషన్‌లో ప్రధానమైనది మొక్కజొన్న. దానితో పాటు వేరుశనగ కూడా ఉండేది. సరఫరా దెబ్బతిని ఆ వేరుశనగ ఆగిపోయింది. మొక్కజొన్న మాత్రం అందుతూనే ఉంది, పొయ్యి వెలుగుతూనే ఉంది, లెక్కల పుస్తకంలో రేషన్ ఇచ్చినట్టే ఉంది. కానీ 1990లో కొద్ది నెలల వ్యవధిలో సుమారు 18 వేల మందికి పెల్లాగ్రా వ్యాధి వచ్చినట్టు నమోదైంది. ఎండ తగిలే చోటల్లా చర్మం నల్లబడి పొలుసులు లేవడం, విరేచనాలు పట్టుకోవడం, ముదిరితే మతి తప్పి ప్రాణం మీదికి రావడం దాని లక్షణాలు. నియాసిన్ అనే విటమిన్ కొరవడితే వచ్చే జబ్బు ఇది. మొక్కజొన్నలో ఉన్న నియాసిన్‌లో ఎక్కువ భాగం మన ఒంటికి పట్టే రూపంలో ఉండదు. వేరుశనగలో అది పుష్కలంగా ఉంటుంది. తరతరాలుగా వేరుశనగ పండించిన మన అనంతపురం రైతు తన పంటను నూనెగానూ ధరగానూ లెక్క వేస్తాడు గానీ, ఆ గుప్పెడు గింజలు లేకపోవడమే వేల మందిని మంచాన పడేసిన సంగతి మన పాఠ్యపుస్తకాల్లో కూడా కనిపించదు.

ఇది ఒక్కసారి జరిగి ఆగిపోలేదు. అంగోలా అంతర్యుద్ధంలో చుట్టుముట్టబడిన కుయిటో పట్టణంలో 1999, 2000 సంవత్సరాల్లో మళ్లీ పెల్లాగ్రా వచ్చింది. 1980లలో సోమాలియా, సూడాన్ శరణార్థి శిబిరాల్లో విటమిన్ సి అందక స్కర్వీ వచ్చి చిగుళ్ల నుంచి రక్తం కారింది. ప్రతిసారీ ధాన్యం ఉంది, ధాన్యం పక్కన ఉండవలసినది లేదు. ఆ లోటును జబ్బుగా మారకముందే పసిగట్టాలంటే, రేషన్ జాబితా చూడగానే ఇందులో ఏది కొరవడిందో చెప్పగలిగిన మనిషి ఆ ఊళ్లోనే ఉండాలి.

ఆ మనిషి విదేశం నుంచి రాకూడదా అని మీరు అడగవచ్చు. వస్తారు, ఎంతో మేలు చేస్తారు, వారి సేవను నేను తక్కువ చేయడం లేదు. కాని 2023 ఏప్రిల్‌లో ఖార్టూమ్‌లో కాల్పులు మొదలైన కొద్ది రోజుల్లోనే విదేశీ సిబ్బందిలో చాలా మందిని విమానాల్లోనూ, ఓడల్లోనూ తరలించవలసి వచ్చింది. మిగిలినవారు ఆ ఊరి నర్సులు, ఉపాధ్యాయులు, పేటల్లో సామూహిక వంటశాలలు నడిపిన యువతీయువకులు. ఒక పెద్ద గిన్నెలో వంద మందికి ఏమి వండాలి, ఉన్న పప్పు ఎవరికి ముందు పెట్టాలి, బాలింతకు ఎంత, పాలు మరిచిన పసివాడికి ఎంత అన్న నిర్ణయాలు వాళ్లే తీసుకున్నారు. వారిలో ఒక్కరు పోషకాహారం చదివినవారైనా ఆ వంటశాల తీరు మారుతుంది. పైగా ఈ చదువుకు నాలుగేళ్లు పడుతుంది. శాంతి వచ్చాక తెరుద్దామని విభాగాన్ని మూసివేస్తే, శాంతి వచ్చిన రోజున చేతిలో మనిషి ఉండడు. అక్కడి నుంచి మరో నాలుగేళ్లు ఆగాలి.

సూడాన్‌లో ఈ చదువుకు మంచి పునాది ఉన్నదని కూడా మరువరాదు. బాబికర్ బద్రీ అనే పెద్దమనిషి 1907లో రుఫా అనే ఊళ్లో తన ఇంటి ఆడపిల్లలతోనూ ఇరుగుపొరుగు పిల్లలతోనూ బడి ప్రారంభించారు. ఆయన కుమారుడు యూసుఫ్ బద్రీ 1966లో ఓందుర్మాన్‌లో స్థాపించిన మహిళా కళాశాలే నేటి అహ్‌ఫాద్ మహిళా విశ్వవిద్యాలయం. కుటుంబ విజ్ఞానశాస్త్రం, పోషణ, గ్రామీణ విస్తరణ అక్కడ ముఖ్యమైన పాఠ్యాంశాలుగా సాగాయి. ఓందుర్మాన్ నది అవతల ఖార్టూమ్‌కు జంట పట్టణం. 2023 పోరు ఆ వీధుల్లోకే వచ్చింది.

ప్రశ్న: సూడాన్‌లో కూడా మాలాగే జొన్న, వేరుశనగ పండిస్తారని చదివాను. మాకు వాన లేకపోతే కరువు. వాళ్లకు నైలు నది ఉంది కదా, అయినా ఆకలి చావులు ఎందుకు? (రైతు, కళ్యాణదుర్గం)

మీ ప్రశ్న సరైన చోట తగిలింది. నైలు నీటితో సాగే గెజీరా ఆయకట్టు 1925 నుంచి నడుస్తున్నది, 20 లక్షల ఎకరాలకు పైబడినది, ప్రపంచంలోని పెద్ద సాగునీటి పథకాల్లో ఒకటి. జొన్న అక్కడి ప్రధాన ధాన్యం. వేరుశనగ కొర్డొఫాన్, డార్ఫర్ ప్రాంతాల్లో వర్షాధారంగా మన మెట్ట పొలాల్లో పండినట్టే పండుతుంది. అక్కడ కొరత నీటిది కాదు. 2023 డిసెంబరులో సాయుధ దళం గెజీరాకు కేంద్రమైన వాద్ మదనీ పట్టణాన్ని ఆక్రమించింది. 2025 జనవరి వరకు సైన్యం దానిని తిరిగి తీసుకోలేకపోయింది. ఆ నడుమ విత్తనం, డీజిల్, ఎరువు, కూలీ అన్నీ చెదిరిపోయాయి, గోదాములు దోపిడీకి గురయ్యాయి, కోత కోయవలసిన రైతు కుటుంబంతో ఊరు విడిచాడు. పండిన చోట నుంచి తినే చోటికి బండి వెళ్లాలంటే దారి పొడవునా ఆయుధాలు పట్టినవారికి సుంకం కట్టాలి. కొన్ని పట్టణాలను చుట్టుముట్టి సరుకు అసలే లోపలికి పోనివ్వలేదు.

2024 మధ్య నాటికి సుమారు రెండున్నర కోట్ల మంది తీవ్రమైన ఆహార కొరతలో ఉన్నారని అంతర్జాతీయ అంచనా. అదే ఏడాది ఆగస్టులో ఉత్తర డార్ఫర్‌లోని జమ్‌జమ్ శిబిరంలో క్షామం ఉన్నదని నిపుణుల సంఘం నిర్ధారించింది. క్షామం అన్న మాటను వారు ఊరికే వాడరు. అయిదింట ఒక కుటుంబానికి తిండి దాదాపు పూర్తిగా కరువు కావాలి, పిల్లల్లో నూటికి 30 మందికి పైగా ఓ మోస్తరుగానో తీవ్రంగానో చిక్కిపోవాలి, ఆకలి కారణంగా ప్రతి 10,000 మందిలో రోజుకు కనీసం ఇద్దరు చనిపోతూ ఉండాలి. ఈ మూడింటికీ ఆధారాలు పరిశీలించిన తరువాతనే ప్రకటన వస్తుంది. ఆ ఆధారాలు సేకరించేది ఎవరు? ఇంటింటికీ వెళ్లి పిల్లల బరువు తూచినవారు, చేతి చుట్టుకొలత తీసినవారు. అందుకే ఈ శాస్త్రం తెలిసినవారు లేని చోట క్షామం ఉన్నా లెక్కకు రాదు. లెక్కకు రాకపోతే సాయం అడగడానికీ ఆధారం ఉండదు.

ప్రశ్న: నేను కళాశాలలో పోషకాహారం బోధిస్తాను. మా సిలబస్‌లో ఆసుపత్రి పథ్యాలు, మధుమేహం, స్థూలకాయం ఎక్కువ. కరెంటు లేక, ల్యాబ్ లేక, పుస్తకాలు లేక ఉన్న చోట ఏమి బోధించాలి, ఎలా బోధించాలి? (అధ్యాపకురాలు, కడప)

మీ ప్రశ్నే ఈ సంచికకు ఆయువుపట్టు కాబట్టి కొంత విస్తరించి రాస్తాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: అటువంటి దేశంలో మొదటి సంవత్సరం మొదటి పాఠం కొలవడం. జీవరసాయన శాస్త్రం తరువాత రావచ్చు.

కొలవడానికి ల్యాబ్ అక్కరలేదు. మన అంగన్‌వాడీ కార్యకర్తలు వాడే చేతి చుట్టుకొలత పట్టీ చాలు. 6 నెలల నుంచి 5 ఏళ్ల లోపు బిడ్డకు భుజానికీ మోచేతికీ నడుమ చుట్టుకొలత 115 మిల్లీమీటర్ల కంటే తక్కువ ఉంటే ప్రాణాపాయం దగ్గరలో ఉన్నట్టు. 115 నుంచి 125 లోపు ఉంటే ఓ మోస్తరుగా చిక్కినట్టు. రెండు పాదాల మీద బొటనవేలితో మూడు సెకన్లు నొక్కి తీసినప్పుడు గుంట నిలిచిపోతే అది పోషణ లోపపు వాపు. బిడ్డ బొద్దుగా కనిపించినా ప్రమాదంలో ఉన్నట్టే. చేతి కొలతతో ఆకలిని గుర్తించే పద్ధతి విస్తృతంగా వాడకంలోకి వచ్చిందే ఒక యుద్ధంలో, 1967 నుంచి 1970 వరకు నైజీరియాలో సాగిన బియాఫ్రా యుద్ధ కాలంలో, క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవారి సేవా బృందాలు గీతలు గీసిన కర్రతో పిల్లల ఎత్తునూ చేతి కొలతనూ పోల్చి చూసినప్పుడు. ఒక విద్యార్థి కొలతకూ మరో విద్యార్థి కొలతకూ ఎంత తేడా వస్తున్నదో తరగతిలోనే పదే పదే సరిచూసుకోవడం కూడా పాఠమే, ఎందుకంటే కొద్ది మిల్లీమీటర్ల పొరపాటు ఒక బిడ్డను చికిత్స జాబితా నుంచి తీసేయగలదు.

రెండవది, అక్కడి వంటిల్లు. పాశ్చాత్య పుస్తకాలను అలాగే దించుకున్న సిలబస్‌లో రొట్టె అంటే గోధుమ రొట్టె, కూర అంటే మాంసం. సూడాన్ పేద ఇంట్లో జొన్నపిండిని రాత్రంతా పులియబెట్టి వేడి పెనం మీద పలుచగా పరిచి తీసే కిస్రా ఉంటుంది, మన సంగటికి దగ్గరగా ఉండే అసీదా ఉంటుంది, ఎండబెట్టిన బెండకాయల పొడి వేసి జిగురుగా వండే ములాహ్ ఉంటుంది. బెండ ఒరుగులు మనకు కొత్త కాదు కదా. వీటిలో ప్రతిదానిలోనూ పాఠం ఉంది. జొన్న ఉడికినప్పుడు దానిలోని మాంసకృత్తులు జీర్ణం కావడం తగ్గుతుంది; పులియబెట్టితే మెరుగవుతుంది. జొన్నలోని ఫైటేట్ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. పులిసినప్పుడు అది కొంత విరుగుతుంది. అంటే వంటచెరకు లేక, నీళ్లు లేక, పులియబెట్టడం మానేసి ఉత్త జావ కాచుకునే శిబిరంలో అదే జొన్న, అదే తూకం ఉన్నా పోషణ పడిపోతుంది. దీనిని అక్కడి విద్యార్థిని తన నానమ్మను అడిగి, వంటింట్లో చూసి, తరగతిలో వివరించగలదు.

ఈ విషయంలో మనకు గర్వించదగిన ఉదాహరణ ఉంది. దక్కన్ పీఠభూమిలో జొన్న ప్రధానంగా తినే పేదల్లో పెల్లాగ్రా కనిపించినప్పుడు, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థగా తరువాత పేరు మారిన ప్రయోగశాలలో సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా 1960లో జొన్నలో అధికంగా ఉండే ల్యూసిన్‌కు, అంటే మాంసకృత్తుల్లో ఉండే ఒక అమైనో ఆమ్లానికి, ఇందులో పాత్ర ఉండవచ్చని ప్రతిపాదించారు. తరువాత ఆ వాదంపై భిన్నాభిప్రాయాలు వచ్చాయి, రావలసిందే. కాని మొక్కజొన్న తినేవారికి మాత్రమే వస్తుందని ప్రపంచం అనుకున్న జబ్బును జొన్న తినేవారిలో చూసి ప్రశ్న వేసింది ఇక్కడివారు. ఆ సంస్థ 2017లో ప్రచురించిన భారతీయ ఆహార పట్టికల్లో 528 పదార్థాల పోషక విలువలు ఉన్నాయి. యుద్ధ దేశపు విశ్వవిద్యాలయానికి తన ఆహారానికి అటువంటి పట్టిక ఎంత చిన్నదైనా ఉండాలి. లేకపోతే ప్రతి లెక్కా అరువు లెక్కే అవుతుంది.

మూడవది, ఆకలితో ఎండిన మనిషికి తిండి పెట్టే పద్ధతి. దీనిని చివరి సంవత్సరానికి వాయిదా వేయరాదు. చాలా రోజులుగా తిండి లేని శరీరానికి ఒక్కసారిగా కడుపునిండా పెడితే రక్తంలో ఫాస్ఫేటు, పొటాషియం పడిపోయి గుండె ఆగే ప్రమాదం ఉంది. అందుకే తీవ్రంగా చిక్కిన బిడ్డకు ఆసుపత్రిలో మొదట 100 మిల్లీలీటర్లకు 75 కేలరీలు మాత్రమే ఉండే పలుచని పాలను రెండు మూడు గంటలకొకసారి కొద్దికొద్దిగా ఇస్తారు. బిడ్డ కుదుటపడ్డాకనే 100 కేలరీల పాలకు మారుస్తారు. రక్తహీనత కళ్లకు కనిపిస్తున్నా మొదటి రోజుల్లో ఇనుము ఇవ్వరు. ఇంట్లోనే కోలుకోగల బిడ్డకు వేరుశనగ ముద్ద, పాలపొడి, చక్కెర, నూనె, విటమిన్లు, ఖనిజాలు కలిపిన 92 గ్రాముల పొట్లం ఉంటుంది. ఒక్కొక్కటి 500 కేలరీలు. 1996లో ఫ్రాన్స్‌కు చెందిన ఆంద్రే బ్రియాండ్, మిషెల్ లెస్కాన్ రూపొందించిన ఈ పదార్థానికి నీళ్లు కలపనక్కరలేదు కాబట్టి కలుషిత నీటి బెడద ఉండదు. సూడాన్‌లో దీనిని తయారు చేసే ఖార్టూమ్ కర్మాగారం యుద్ధం మొదలైన తరువాతి నెలలోనే తగలబడిపోయింది. పొట్లం రాని రోజున ఉన్న సరుకుతో ఏమి చేయగలమో, ఎక్కడి వరకు చేయగలమో, ఎప్పుడు బిడ్డను ఆసుపత్రికి పంపక తప్పదో విద్యార్థికి నేర్పాలి.

ఇక ఎలా బోధించాలన్న మాట. వాద్ మదనీలో 1975లో ఏర్పడిన గెజీరా విశ్వవిద్యాలయపు వైద్య కళాశాల విద్యార్థులను ఊళ్లలోకి పంపి నేర్పడంలో ఆఫ్రికాలోనే ముందు వరుసలో నిలిచింది. ఆ పద్ధతికి భవనం కూలినా నష్టం తక్కువ. ఇళ్లు వదిలి వచ్చినవారు తలదాచుకున్న బడి ప్రాంగణమే తరగతి గది కావచ్చు. అయితే ఒక షరతు ఉంది. అక్కడ ఉన్నవారు ప్రయోగ వస్తువులు కారు. కొలిచిన ప్రతి బిడ్డ విషయంలో, అవసరమైతే ఎక్కడికి పంపాలో ముందే ఏర్పాటు ఉండాలి. కొలిచి, రాసుకుని, వెళ్లిపోయే చదువు అన్యాయం.

వార్సా నగరంలో నాజీలు యూదులను గోడల మధ్య బంధించి ఆకలితో మాడ్చినప్పుడు, అక్కడి యూదు వైద్యులు ఇజ్రాయెల్ మిలెయికోవ్‌స్కీ నాయకత్వంలో 1942లో తమ కళ్లెదుటి ఆకలి రోగాన్ని శాస్త్రబద్ధంగా అధ్యయనం చేశారు. రహస్యంగా వైద్య తరగతులు కూడా నడిచాయి. ఆ వైద్యుల్లో చాలా మంది హత్యకు గురయ్యారు. రహస్యంగా బయటికి చేర్చిన వారి రాతప్రతులు 1946లో అచ్చయ్యాయి. ఆకలి శరీరాన్ని ఏమి చేస్తుందన్నదానిపై నేటికీ వాటిని చదువుతున్నారు. కరెంటు లేదు, ల్యాబ్ లేదు అన్న మాట విన్నప్పుడల్లా నాకు వారు గుర్తుకు వస్తారు.

ప్రశ్న: కరువులతో బతికిన సీమలో ఈ శాస్త్రానికి సంబంధించిన చరిత్ర ఏమైనా ఉందా? మన పిల్లలకు చెప్పదగినది? (విశ్రాంత ఉపాధ్యాయుడు, కర్నూలు)

ఉంది మాస్టారూ, అదీ మీ జిల్లాలోనే. పెద్దలు ధాత కరువు అని చెప్పుకునే 1876-78 క్షామంలో మద్రాసు రాష్ట్రంలో కర్నూలు, కడప, బళ్లారి జిల్లాలు ఘోరంగా దెబ్బతిన్నాయి. అప్పటికి అనంతపురం విడి జిల్లా కాదు. 1882లో బళ్లారి నుంచి వేరుపడింది. 1877 ఆరంభంలో వైస్రాయ్ లిట్టన్ ప్రతినిధిగా వచ్చిన రిచర్డ్ టెంపుల్, ఖర్చు తగ్గించడానికి కరువు పనుల్లో రాళ్లు కొట్టే మగవాడికి రోజుకు ఒక పౌను, అంటే సుమారు 450 గ్రాముల ధాన్యం కొనుక్కునేంత కూలి, దానిపై కొద్దిపాటి చిల్లర చాలునని తేల్చారు. మద్రాసు శానిటరీ కమిషనర్, వైద్యుడు డబ్ల్యూ.ఆర్. కార్నిష్ దానిని బహిరంగంగా వ్యతిరేకించారు. బరువు పని చేసే మనిషికి ఆ ధాన్యం చాలదనీ, పప్పు, కూరగాయలు కూడా ఉండాలనీ వైద్య పరిశీలనలు చూపి వాదించారు. కొన్ని నెలల తరువాత కూలి పెంచక తప్పలేదు, ఆ లోగా పోయిన ప్రాణాలు పోయాయి.

నేటి లెక్కలో చూస్తే 450 గ్రాముల జొన్నలో దాదాపు 1,500 కేలరీలు ఉంటాయి. బరువు పని చేసే పురుషుడికి రోజుకు 3,470 కేలరీలు కావాలని భారతీయ వైద్య పరిశోధన మండలి 2020 సిఫారసు. శరణార్థి శిబిరాల్లో పిల్లలూ పెద్దలూ అందరినీ కలిపి సగటున మనిషికి 2,100 కేలరీలు ప్రణాళిక అంకెగా వాడతారు. టెంపుల్, కార్నిష్ వివాదాన్ని ఒక తరగతి గంటలో విద్యార్థుల చేత లెక్క కట్టించవచ్చు. రేషన్ అన్నది పరిపాలన నిర్ణయంలా కనిపించినా అది శాస్త్రపు నిర్ణయం కూడానని, దానిని ప్రశ్నించడానికి చదువుకున్న గొంతు ఒకటి కావాలని వారికి బాగా అర్థమవుతుంది.

దీనికి కొనసాగింపు కూడా ఉంది. కూనూర్ పోషకాహార ప్రయోగశాల డైరెక్టర్ వాలెస్ ఎయిక్రాయిడ్ ఆధ్వర్యంలో 1937లో భారతీయ ఆహార పదార్థాల పోషక విలువల పట్టికలు వెలువడ్డాయి. రెండవ ప్రపంచ యుద్ధం నడుమ 1943లో వచ్చిన బెంగాల్ క్షామంపై ప్రభుత్వం వేసిన విచారణ సంఘంలో ఆయన సభ్యుడు. ఆ తరువాత ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ పోషకాహార విభాగానికి తొలి డైరెక్టర్ అయ్యారు. ఆ కూనూర్ ప్రయోగశాలే 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చింది.

ప్రశ్న: పోషకాహారం చదివేది ఎక్కువగా ఆడపిల్లలే. ఆఫ్ఘనిస్తాన్‌లో ఆడపిల్లలకు చదువే లేదంటున్నారు. మరి అక్కడ తల్లీబిడ్డలను ఎవరు చూస్తారు? (గృహిణి, గుంతకల్లు)

2021 ఆగస్టులో తాలిబాన్ అధికారానికి వచ్చాక, 2022 డిసెంబరులో స్త్రీలకు విశ్వవిద్యాలయ విద్యను నిషేధించారు. మంత్రసాని శిక్షణకూ నర్సింగ్‌కూ మిగిలిన వైద్య శిక్షణ సంస్థల దారిని 2024 డిసెంబరులో మూసివేశారు. అక్కడి ఆచారంలో చాలా ఇళ్లలో పరాయి మగవాడు తల్లితో మాట్లాడడానికి వీలుండదు. బిడ్డ పుట్టిన గంటలోపు పాలు పట్టడం, ఆరు నెలలు తల్లిపాలు మాత్రమే ఇవ్వడం, ఆ తరువాత ఏమి మెత్తగా చేసి పెట్టాలో చూపడం, బాలింతకు పథ్యం పేరుతో తిండి తగ్గించకుండా చూడడం, ఇవన్నీ స్త్రీ వెళ్లి స్త్రీకి చెప్పవలసిన మాటలు. ఇప్పటికే చదివిన స్త్రీలు పని చేస్తున్నంత కాలం ఏదో ఒక విధంగా నడుస్తుంది. వారు వయసు మీద పడి తప్పుకుంటే వెనుక వరుసలో ఎవరూ ఉండరు. బాంబు పడిన భవనాన్ని కొన్నేళ్లలో తిరిగి కట్టవచ్చు గానీ, ఒక తరం ఆడపిల్లలకు తప్పిన చదువు దేశాన్ని ముప్పై ఏళ్లు వెంటాడుతుంది. యుద్ధం చేసే నష్టాల్లో నన్ను ఎక్కువగా బాధించేది ఇదే.

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్సీ పోషకాహారం చదువుతానంటోంది. ఉద్యోగాలు ఉంటాయా? ఇలాంటి దేశాలకు వెళ్తానంటే పంపవచ్చా? (ఒక తల్లి, ప్రొద్దుటూరు)

చదివించండి. ఆసుపత్రుల్లో డైటీషియన్లుగా, ప్రభుత్వ ఆసుపత్రుల పోషకాహార పునరావాస కేంద్రాల్లో, మహిళా శిశు సంక్షేమ శాఖలో, ఆహార పరిశ్రమలో, పరిశోధనలో అవకాశాలు ఉన్నాయి. ఆసుపత్రి వైపు వెళ్లదలిస్తే ఇంటర్న్‌షిప్ చేసి రిజిస్టర్డ్ డైటీషియన్ పరీక్ష రాయడం మంచిది. విదేశీ సహాయ సంస్థలు డిగ్రీ చేతికి రాగానే ఎవరినీ యుద్ధ భూమికి పంపవు, పంపకూడదు కూడా. కొన్నేళ్ల క్షేత్ర అనుభవం, భద్రతా శిక్షణ అడుగుతాయి. మీ అమ్మాయి ముందు మన జిల్లాలోనే అంగన్‌వాడీల్లో, పునరావాస కేంద్రంలో చేయి తిరిగేలా పని నేర్చుకోనివ్వండి. ఆ తరువాతి నిర్ణయం తల్లీకూతుళ్లు కూర్చుని తీసుకోవలసినది.

ప్రశ్న: మేము పీజీ విద్యార్థులం. చందాలు వసూలు చేసి పంపడం కాక, మా చదువుతో అక్కడి విద్యార్థులకు ఏమైనా చేయగలమా? (విద్యార్థుల బృందం, అనంతపురం)

చేయగలరు, కాని వారిని అడిగి చేయండి. భారత ప్రభుత్వ ఉపకార వేతనాలతో మన దేశంలో చదివే ఆఫ్రికా విద్యార్థుల్లో సూడాన్‌వారు ఎప్పటి నుంచో ఉన్నారు. వారి ద్వారా అక్కడి విభాగాలకు ఏమి కొరవడిందో ముందు తెలుసుకోండి. మనం ఊహించేది పుస్తకాలు; వారికి కావలసినది ప్రాజెక్టుకు మార్గదర్శకులు కావచ్చు, మార్కుల పత్రాలు పోగొట్టుకున్న విద్యార్థికి ప్రవేశం దొరకడం కావచ్చు. రెండవది మీ చేతిలో ఉండదు గానీ, ప్రవేశ పరీక్ష పెట్టి తెలివిని బట్టి తీసుకోండని మీ విభాగాధిపతి ద్వారా విశ్వవిద్యాలయానికి విజ్ఞప్తి చేయడం మీ చేతిలోనే ఉంది.

జొన్న, వేరుశనగ విషయంలో మీరూ వారూ సహాధ్యాయులే. పులియబెట్టిన జొన్న వంటకాలపై మీ ల్యాబ్‌లో చేసే పరీక్షలను వారు చెప్పిన పద్ధతిలో కిస్రా పిండి మీద కూడా చేసి ఫలితాలు పంచుకోవచ్చు. నిల్వలో తేమ తగిలిన వేరుశనగకు పట్టే బూజు, అందులోని అఫ్లాటాక్సిన్ విషం కొర్డొఫాన్‌లోనూ కదిరిలోనూ ఒకే సమస్య. తక్కువ ఖర్చుతో ఆరబెట్టి, ఏరి, నిల్వ చేసే పద్ధతులపై ఉమ్మడిగా పని చేయవచ్చు. పాఠాలు రికార్డు చేసి పంపదలిస్తే వీడియోలు వద్దు. అక్కడ కరెంటు, ఇంటర్నెట్ దొరికినప్పుడే దొరుకుతాయి. పది నిమిషాల ఆడియో, దానితో రెండు పేజీల నోట్సు, ఫోనులో తెరుచుకునేంత చిన్నవిగా ఉంటే ఉపయోగపడతాయి. బోధన ఇంగ్లీషులో సాగించినా ఊళ్లో వాడే మాటలు అరబిక్‌వి కాబట్టి, ఆహార పదార్థాల పేర్లు వారి చేతనే రాయించుకోండి.

ఒక్క విషయంలో మాత్రం కఠినంగా ఉండండి. ఆన్‌లైన్ తరగతిలో కనిపించిన విద్యార్థుల ఫోటోలు, పేర్లు, వారు ఏ ఊరి నుంచి మాట్లాడుతున్నారన్న వివరాలు కళాశాల వార్తల్లో గానీ, సామాజిక మాధ్యమాల్లో గానీ పెట్టవద్దు. ఏ ఊరు ఎప్పుడు ఎవరి చేతికి మారుతుందో తెలియని చోట, విదేశాలతో సంబంధం ఉందన్న ఒక్క అనుమానమే వారికి ముప్పు తెస్తుంది. మీ అధ్యాపకుల చేత కూడా ఈ నియమాన్ని రాతపూర్వకంగా ఒప్పించుకున్న తరువాతనే మొదటి తరగతి పెట్టండి.